మూడొందల మంది గంగాళం

గురువారం వస్తోందంటే మస్తూరాకు బుధవారం నుంచే నీరసం. గురువారం స్నానం రోజు. పొయ్యిమీద రెండు బకెట్ల నీళ్ళు కాచి, ఒక్కొక్కటే పెరడంతా మోసుకుపోయి కోళ్ళగూడు పక్కనున్న రేకుల గదికి చేర్చాలి. ఇరవై మూడు అడుగులు. ఎండాకాలమైతే ఇరవై మూడే. చలికాలంలో మంచు గడ్డకట్టిన పెరట్లో, మోకాళ్ళు పట్టేసిన మనిషికి అవి వందకు తక్కువుండవు. రెండో బకెట్టు చేరేసరికి మొదటిది సగం చల్లారిపోతుంది. ఆ గోరువెచ్చటి నీళ్ళే గబగబా కుమ్మరించుకుని, పళ్ళు టకటకలాడుతుంటే తువ్వాలు చుట్టుకుని మళ్ళీ ఇరవై మూడు అడుగులు వెనక్కి. చలికాలం గ్యాసు రాదు. ఎందుకు రాదని మా ఫెర్గానా లోయలో అడిగీ అడిగీ అందరూ విసిగి ఊరుకున్నారు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి నలభై ఏళ్ళుగా ఆమెది ఇదే తంతు.

మస్తూరా అంటే మా తెగిర్మోన్‌బోషి మొహల్లాలో సగం మందికి తెలీదు. ఉస్తా ఇల్లాలు అంటే మాత్రం చంటిపిల్లకైనా తెలుసు. ఆమె మొగుడు హైదర్‌అలీ పలావు వండే ఉస్తా, అంటే వంటమేస్త్రి. ఒకప్పుడు పట్టుమిల్లు క్యాంటీన్లో వంటవాడు. మిల్లు మూతపడ్డాక, మస్తూరా చెవుల జూకాలు అమ్మి ఒక ఇనుప గంగాళం కొన్నాడు. మూడొందల మందికి ఒకేసారి పలావు దిగే గంగాళం అది. దాన్ని పొయ్యికెక్కించాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. దాన్ని తోమడానికి మాత్రం మస్తూరా ఒక్కతే చాలేది.

హైదర్‌అలీకి ఒక నియమం ఉంది. పెళ్ళి పలావుకు డబ్బు తీసుకుంటాడు. చావు జరిగిన ఇంట్లో వండితే పైసా ముట్టడు. అడగకపోయినా తనే వెళ్ళి పొయ్యి వెలిగిస్తాడు. పెళ్ళిళ్ళకైతే ముందురోజు సాయంత్రం ఇరుగుపొరుగు కత్తులు పట్టుకొచ్చి, కబుర్లాడుకుంటూ బస్తాల కొద్దీ పసుపుపచ్చ క్యారెట్లు తరుగుతారు. అదొక పండగ. లేనివాళ్ళ ఇంటికి ఎవరొస్తారు? ఉస్తా ఇల్లాలు వస్తుంది. అలా తరిగీ తరిగీ ఆమె కుడిచేతి చూపుడువేలు పక్కకు వంగిపోయింది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలన్నా ఆ వేలు మాట వినదు.

ఒక ఏడాది వరదొచ్చి పక్క ఊళ్ళో ఇళ్ళు మునిగితే, ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న బొంతల్లో ఏడు బొంతలు బండికెత్తించాడు. ఇంకో ఏడాది తన దూది కోటు వంతెన దగ్గర వణుకుతున్నవాడికి తొడిగి, చొక్కాతో ఇంటికొచ్చి, పదిహేను రోజులు దగ్గుతూ మంచమెక్కాడు. పేరేమో ఆయనకొచ్చింది, కషాయాలు కాచే పని ఈమెకొచ్చింది. చేతికి ఎముక లేని మనిషి అని ఊరంతా ఆయన్ని మెచ్చుకునేది. ఆ ఎముకల పని కూడా తన చేతులే చేస్తున్నాయని మస్తూరా అనుకునేది. అనుకునేదే గాని పైకి అనేది కాదు. అంటే పిసినారి పెళ్ళాం అంటారని భయం.

ఆమెకు ఒక్కటే కోరిక ఉండేది. ఎనిమిదేళ్ళ కిందట పెద్దకూతురు నఫీసా పురుటికి తాష్కెంట్ వెళ్ళింది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అక్కడ స్నానాల గదిలో కుళాయి తిప్పగానే వేడినీళ్ళు వీపుమీద పడ్డాయి. మోయలేదు, కాచలేదు. అవి చల్లారలేదు, అయిపోలేదు. కూతురు కంగారుపడి తలుపు తట్టేదాకా ఆమె అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, బాగానే ఉన్నావా?"

"ఉన్నానే. ఇప్పుడే బాగున్నాను" అంది మస్తూరా లోపల్నించి.

తిరిగొచ్చిన నెలనుంచే దాచడం మొదలుపెట్టింది. పెళ్ళికూతుళ్ళకు బొంతలు కుట్టిచ్చిన డబ్బు, వంకరవేలితో కుట్టిన డబ్బు, రుమాల్లో మూటగట్టి పెట్టె అడుగున పెట్టేది. వంటింటి పక్క గదిలో ఒక చిన్న బొగ్గు బాయిలరు, ఒక కుళాయి, కింద నాలుగు పలకలు. ఆమెకు కావలసింది అంతే. హైదర్‌అలీ విన్నప్పుడు మీసంలో నవ్వాడు.

"ఇంట్లో స్నానాల గదా? మా అమ్మ తొంభై ఏళ్ళు బతికింది, కుళాయి మొహం చూళ్ళేదు. దుబారా!"

"మీ అమ్మకు నీళ్ళు మోసింది నేనయ్యా. కుళాయికంటే నేనే చవగ్గా దొరికాను మీకు."

అయినా ఇంట్లోకి ఏది కొన్నా ఆయనకు దుబారానే. కిటికీ తెర దుబారా, కొత్త కెటిలు దుబారా. గంగాళం మాత్రం కాదు. ఎట్టకేలకు ఈ చలికాలం మొదట్లో డబ్బు సరిపోయింది. కుళాయిల మేస్త్రీ మన్సూర్ వచ్చి గోడ కొలుచుకున్నాడు. వచ్చే సోమవారం సామాను తెస్తానన్నాడు. ఇక ఒక్క గురువారమే నీళ్ళు మొయ్యాలి అనుకుంది మస్తూరా.

ఆ ఆదివారం హైదర్‌అలీ చాయ్‌ఖానా నుంచి మొహం వెలిగిపోతూ వచ్చాడు. ఆ వెలుగు చూడగానే ఆమె చేతిలో పని ఆపేసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ వెలుగు ఖర్చు ఎంతో ఆమెకు బాగా తెలుసు.

"కుద్రత్ లేడూ, ఇటుకబట్టీ కుద్రత్? వాడు పోయి నలభయ్యో రోజు వచ్చే ఆదివారమట. పాపం ఓయ్‌దిన్, ఇద్దరాడపిల్లలతో ఏం పెడుతుంది? గొర్రె, బియ్యం మా ఇంటినుంచే అన్నాను. వంట ఎలాగూ నాదే. పెద్దలంతా చేతులెత్తి దువా చేశారు. ఇస్మత్ తాతైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"ఏ డబ్బుతో?" అంది మస్తూరా.

ఆయన పెట్టెవైపు చూసి, తలతిప్పుకున్నాడు. "కుళాయి ఎక్కడికి పోతుందే? వచ్చే ఏడు పెట్టుకుందువు. మాటిచ్చేశాను. ఆమీన్ అన్నాక ఇంకేముంది?"

నిజమే, ఇంకేమీ లేదు. నలుగురు పెద్దలు చేతులెత్తి, ఆమీన్ అని మొహాలు తడుముకున్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడం మావాళ్ళలో ఉండదు. పెళ్ళి చెడగొట్టుకున్నా అంత అప్రదిష్ట రాదు. మస్తూరాకు ఒళ్ళు మండింది గాని, అరవడానికి ఓపిక కావాలి కదా. ఆ ఓపిక కూడా ఎప్పుడో అయిపోయింది.

"సరే. ఈసారి నేనే తీసుకెళ్ళి ఇస్తాను. నాది ఒక్కసారైనా నా చేత్తో పోనీ" అని లేచింది.

మర్నాడు మన్సూర్‌కు రావద్దని కబురుచేసి, రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి, డబ్బు మూట చంకన పెట్టుకుని బయల్దేరింది. దారంతా ఓయ్‌దిన్‌ను తిట్టుకుంది. తర్వాత చచ్చిపోయిన కుద్రత్‌ను తిట్టుకుంది. ఆ తర్వాత అలా తిట్టుకుంటున్నందుకు తనను తనే తిట్టుకుంది.

ఓయ్‌దిన్ ఇంట్లో బయటికంటే చలిగా ఉంది. కిటికీకి ఒక అద్దం లేదు, ప్లాస్టిక్ కవరు మేకులు కొట్టి ఉంది. గది మధ్య బల్లమీద బొంత పరిచి ఉంది గాని, కాళ్ళు కాచుకునే కింది గుంటలో నిప్పులు లేవు. పిల్లలిద్దరూ కోట్లు, టోపీలతోనే కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు. చిన్నది రాయడం ఆపి వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదుకుంటోంది.

"రండి అక్కా, రండి. పైకి రండి" అంటూ ఓయ్‌దిన్ ఆమెను లోపలి చోట కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్ళుంటాయేమో ఆ పిల్లకు. నెల రోజుల్లో పదేళ్ళు మీదపడ్డాయి. "ఉస్తా మాట విన్నాను. ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. నేనూ నా వంతు చూస్తున్నానక్కా. గొర్రె, బియ్యం మీవైతే నూనె, మిఠాయి, ఆడవాళ్ళకు పంచే గుడ్డముక్కలు నావి కదా. శుక్రవారం ఆవును సంతకు తోలుకెళ్తున్నాను."

"ఆవునా? పాలిచ్చే ఆవునా?"

"మరేం చెయ్యను? రెండొందల యాభై మంది వస్తారు."

"ఎందుకే తల్లీ అంతమంది? చాయ్, రొట్టె పెట్టి దువా చేయించు. బొగ్గు కొనుక్కో ముందు."

ఓయ్‌దిన్ వింతగా చూసింది. "అదెలా కుదురుతుందక్కా? మామూలు ఇల్లయితే చాయ్‌తో సరిపెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరేమో. ఉస్తా అంతటివాడు తనే వచ్చి ఊరికే వండిపెడతానంటే, గంగాళంలో వెయ్యడానికి మా దగ్గర ఏమీ లేదని ఎలా చెప్పను? మొహం చెల్లుతుందా?" బొంత అంచు సర్దింది. తర్వాత ఫిర్యాదులా కాక, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. "మా అత్త పోయినప్పుడూ ఆయనే వచ్చాడు. మహానుభావుడు, ఉప్పు డబ్బు కూడా తీసుకోలేదు. రెండు గొర్రెలు పడ్డాయి. ఆ గొర్రెల అప్పు తీర్చడానికే మా ఆయన బట్టీలో రెండో డ్యూటీ ఒప్పుకున్నాడు. ఆ డ్యూటీలోనే కదా కూలిపోయి ప్రాణం వదిలాడు."

మస్తూరా చంకలో మూట ఒక్కసారిగా బరువెక్కింది. ఆ అత్త నలభయ్యో రోజుకు క్యారెట్లు తరిగింది తనే. రెండు బస్తాలు. ఆ రోజు వచ్చిన జనంలో ఆకలితో వచ్చినవాడు ఒక్కడుంటే ఒట్టు. అద్దాల మేడ సాబిర్‌బాయ్ మూడు పళ్ళేలు లాగించి, మాంసం ఇంకాస్త మెత్తగా ఉడకాల్సిందన్నాడు.

ఆమె రొట్టెలు మాత్రం అక్కడ పెట్టింది. మూట పెట్టలేదు. చిన్నదాని తల నిమిరి బయటికొచ్చి, నేరుగా రైలుకట్ట పక్కనున్న బొగ్గు డిపోకు నడిచింది. రెండు టన్నుల బొగ్గు, అక్కడే పక్క కొట్లో నాలుగు బస్తాల పిండి, ఒక కిటికీ అద్దం. బండివాణ్ణి వెంటబెట్టుకొచ్చి అన్నీ ఓయ్‌దిన్ వాకిట్లో దింపించింది. ఆ పిల్ల ఏదో అనబోతే, "ఆవును అమ్మావంటే నీతో మాట్లాడను" అని మాత్రం చెప్పి వచ్చేసింది. రుమాలు ఖాళీ అయింది. ఎనిమిదేళ్ళ బొంతలు ఒక్క పూటలో నల్లటి గుట్టగా ఆ ఇంటి గోడపక్క కూర్చున్నాయి. ఇంటికి వస్తూ ఆమె ఏడవలేదు, గర్వపడనూ లేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి, అంతే.

హైదర్‌అలీ విని లేచి నిలబడ్డాడు. "బొగ్గా? గొర్రె అని కదా నేను మాటిచ్చింది! పెద్దల ముందు నన్నేం చెయ్యదలిచావే?"

"కూర్చో" అంది మస్తూరా. ఆయనతో ఆ గొంతుతో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన కూర్చున్నాడు. ఓయ్‌దిన్ చెప్పిందంతా ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట దాచకుండా చెప్పింది. ఆవు సంగతి, రెండు గొర్రెల సంగతి, రెండో డ్యూటీ సంగతి.

"నువ్వు ఊరికే వండుతావు. నీ ఊరికే వంటకు వాళ్ళు ఇల్లమ్ముకుని సరుకు తెస్తారు. తిని లేచేదెవరు? పొద్దున ఇంట్లో నెయ్యి రొట్టె తిని వచ్చినవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా మనం పెట్టింది ఎవరికయ్యా?"

ఆయన తల వంచుకుని వేళ్ళు మడవసాగాడు. తనలో తను అనుకున్నట్టు, "తోషెమిర్ వాళ్ళు నేను వండిపెట్టిన ఏడే ఇల్లమ్మేసి వెళ్ళిపోయారు" అన్నాడు. ఇంకో వేలు మడిచి, "చెప్పులు కుట్టే జూరా కూతుర్ని చదువు మానిపించాడు" అన్నాడు. మరి ఎవరి పేరూ ఎత్తలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి, బోర్లించిన గంగాళం మీద కూర్చున్నాడు. ఆమె చాయ్ తీసుకెళ్తే తీసుకున్నాడు గాని తాగలేదు. అది చేతిలోనే చల్లారిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం నమాజు కాగానే మగవాళ్ళంతా కుద్రత్ ఇంటికి వచ్చారు. గుమ్మంలో హైదర్‌అలీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నడుముకు వంట రుమాలు లేదు, చేతిలో చిల్లుల గరిటె లేదు. లోపల పొగా లేదు. ఆడవాళ్ళ వైపునుంచి మస్తూరా అంతా చూస్తోంది.

"ఏం ఉస్తా, వాసనే రావట్లేదు? గంగాళానికి చిల్లుపడిందా?" అన్నాడు సాబిర్‌బాయ్, బొచ్చుటోపీ సర్దుకుంటూ.

"చిల్లు గంగాళానికి కాదు బాయ్, నా బుర్రకి. ఇన్నాళ్ళకు కనబడింది. లోపలికి రండి. చాయ్ ఉంది, రొట్టె ఉంది, దువా ఉంది. పలావు లేదు."

"అదేమిటి? నలుగురి ముందు మాటిచ్చావు. ఆమీన్ అన్నాం!"

"ఇచ్చాను. తప్పాను" అన్నాడు హైదర్‌అలీ. మాట తప్పని మనిషని పేరు తెచ్చుకోవడానికి ఆయనకు ఒక జీవితం పట్టింది, పోగొట్టుకోవడానికి రెండు మాటలు సరిపోయాయి. "తిట్టదలుచుకుంటే నన్ను తిట్టండి. ఈ ఇంటిని ఎవరూ ఏమీ అనకండి. ఆ పిల్ల పెడతానంది, నేనే పెట్టనివ్వలేదు."

కొందరు నవ్వారు. కొందరు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. సాబిర్‌బాయ్ కారెక్కి తలుపు గట్టిగా వేసుకున్నాడు. ఇస్మత్ తాత మాత్రం కర్ర తాటించుకుంటూ లోపలికి వచ్చి, కొత్తగా నిప్పులు పోసిన బల్లకింద కాళ్ళు చాపుకుని, రొట్టె తుంచి, "బిస్మిల్లా" అన్నాడు. ఒక పాతికమంది ఆయన వెంట కూర్చున్నారు. దువా అయింది. అంతకుమించి గొప్పగా ఏమీ జరగలేదు.

ఆ తర్వాత రోజులు బాగోలేదు. మాట్లాడుకున్న రెండు పెళ్ళిళ్ళు వేరే ఉస్తాకు పోయాయి. ఇక నిందంటారా, అది ఎప్పటిలాగే నీళ్ళలా పల్లానికే వచ్చింది. "ఉస్తా దేవుడు. పెళ్ళామే ఆయన్ని కొంగుకు కట్టేసుకుంది" అన్నారు రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్ళు, ఆమెకు వినబడేలాగే. "ఏదో కుళాయి పెట్టించుకుంటుందట. దానికోసం చచ్చినవాడి పలావు ఆపించింది." మస్తూరా వరసలో నిలబడి విన్నది. కుళాయీ లేదు, డబ్బూ లేదు అని చెప్పొచ్చు. చెబితే బొగ్గు సంగతి చెప్పాలి, ఓయ్‌దిన్ పేరు ఎత్తాలి. రొట్టెలు తీసుకుని ఇంటికి వచ్చింది. ఓయ్‌దిన్ మాత్రం రోజూ పెద్దపిల్ల చేత ఒక గిన్నెడు పాలు పంపేది. ఆవు ఇంట్లోనే ఉందని చెప్పడానికన్నట్టు.

మళ్ళీ గురువారం వచ్చింది. బొంత ఒకటి ఇచ్చి రావడానికి వెళ్ళిన మస్తూరా మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేసరికి పెరట్లోంచి పొగ లేస్తోంది. గంగాళం పొయ్యిమీద ఉంది. ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు" అన్నాడు హైదర్‌అలీ, కట్టెలు ఎగదోస్తూ.

దగ్గరికి వెళ్ళి చూసింది. పొయ్యి ఉండాల్సిన చోట లేదు. ఇటుకలన్నీ ఊడదీసి, రేకుల గది గుమ్మం పక్కనే కొత్తగా పేర్చాడు. గంగాళం ఎక్కించడానికి పక్కింటి మగవాళ్ళు ముగ్గురు సాయం వచ్చారని తర్వాత తెలిసింది. పొద్దున తను బొంత పనిమీద బయటికి వెళ్ళగానే మొదలుపెట్టాడు. గంగాళం నిండా నీళ్ళు, అంచుదాకా, ఆవిరి కక్కుతున్నాయి. పొయ్యికీ గుమ్మానికీ మధ్య రెండడుగులే.

"ఇదేమిటయ్యా?"

"నీళ్ళు."

"మూడొందల మంది గంగాళంలో ఒక్క మనిషికి నీళ్ళా? ఎంత కట్టె, ఎంత నీళ్ళు! దుబారా కాదూ?"

"దుబారానే" అన్నాడు ఆయన. పొగకు కళ్ళు తుడుచుకున్నాడు, పొగకేనో మరి. "గంగాళం నీ జూకాలది కదా. నీ దుబారా నువ్వు చేసుకో. పో, చల్లారకముందే."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన బయటినుంచి బకెట్టు అందించాడు. అది అయిపోగానే ఇంకోటి. తర్వాత ఇంకోటి. నాలుగో బకెట్టు దాకా లెక్కపెట్టి మానేసింది. నీళ్ళు చల్లారలేదు, అయిపోలేదు. వంగిన వేలు, మోకాళ్ళు, నడుము ఒక్కొక్కటే సడలుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషమో కాదో ఆమెకే తెలీలేదు. నలభై ఏళ్ళ అలసట ఒక్క స్నానంతో పోయేది కాదు.

"చాలా?" అన్నాడు ఆయన బయటినుంచి.

"ఇంకా" అంది.

గంగాళాన్ని ఎంత తోమినా ముప్పై ఏళ్ళ జీలకర్ర, గొర్రె కొవ్వు వాసన ఇనుములోకి ఇంకిపోయి ఉంది. ఆ వాసనంతా నీళ్ళలో దిగి ఆమె జుట్టుకు పట్టుకుంది. మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర వరసలో పక్కావిడ ముక్కు ఎగబీల్చి, "ఎవరింట్లో అక్కా పలావు? మమ్మల్నెవరూ పిలవలేదే?" అంది ఎత్తిపొడుపుగా.

"మా ఇంట్లోనే" అంది మస్తూరా, రొట్టెలు గుడ్డలో చుట్టుకుంటూ. "ఈసారి నన్నొక్కదాన్నే పిలిచారు."